పొద్దుగూకాక ఇరవై నిమిషాలు

ఇద్దరికీ గూబలంటే ప్రాణమే. మామయ్య డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. పాలమూరు వైపు గుట్టల్లో గూబలు కక్కిన ముద్దలు ఏరుకొచ్చి, నీళ్లలో నానబెట్టి, అందులోంచి బయటపడే ఎలుక పుర్రెలూ దవడలూ లెక్కరాయడం ఆయన వ్యాపకం. మేనకోడలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికితే కెమెరా భుజాన వేసుకుని బయల్దేరుతుంది. తగువు ఒక కొండ గుడ్లగూబల జంట దగ్గర వచ్చింది. నగర శివార్లలో రాయి కొట్టడం ఆగిపోయిన పాత క్వారీ గోడలో అవి కాపురం పెట్టాయి. ఫొటో తీస్తానని ఆమె, వద్దని ఆయన. ఆ క్వారీ ఏ ఊరిదో ఇక్కడ రాయడం లేదు. ఎందుకు రాయకూడదో వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది.

మామయ్య: పగలు నీకు నచ్చిన పిట్టను తీసుకో తల్లీ, నేనేం అనను. రాత్రి మాత్రం వాటికి వదిలెయ్. పగలంతా మనదే అయిపోయింది. గుట్ట మనది, చెరువు మనది, రోడ్డు మనది. చీకటి పడ్డాక తిండి వెతుక్కునే పక్షి ముందుకెళ్లి కూర్చోవడం దేనికి?

మేనకోడలు: నేను అర్ధరాత్రి వెళ్తాననడం లేదు మామయ్యా. పొద్దు ఉండగానే వెళ్లి, దూరంగా ఒకచోట కదలకుండా కూర్చుంటాను. సూర్యుడు కుంగాక మన దగ్గర ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు సందెవెలుగు నిలుస్తుంది. గూబ ఒళ్లు విరుచుకుని, ఈకలు దులుపుకుని, రాతి అంచుకొచ్చి మొదటి కూత పెట్టేది ఆ వేళలోనే. నాకు కావలసింది ఆ కాస్త సేపే.

మామయ్య: ఆ మసక వెలుతురులో ఏం పడుతుంది? మా రోజుల్లో నాలుగువందల ఫిల్ము వేసుకుని కూడా, పొద్దు వాలుతుంటేనే కెమెరా సంచిలో పెట్టేసేవాళ్లం.

మేనకోడలు: ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. 2007లో నికాన్ డీ3 వచ్చి ఐఎస్‌ఓ 6400ని మామూలు వాడకంలోకి తెచ్చింది. ఇవాళ ఆ అంకె చూసి ఎవరూ భయపడరు. లెక్క చెప్తాను వినండి. ఐఎస్‌ఓ 6400, లెన్సు ఎఫ్/4. ఆకాశం తేటగా ఉంటే, సూర్యుడు కుంగిన పది నిమిషాలకు సెకనులో అరవయ్యో వంతు సుమారుగా సరిపోతుంది. సందెవెలుగు ఆరిపోయే చివరి నిమిషాలకు అది సెకనులో నాలుగో వంతు దాకా దిగిపోతుంది. నెమలినో పాలపిట్టనో పావు సెకను పాటు తీస్తే అలికినట్టు వస్తుంది. గూబ అలా కాదు. దాని కళ్లు గుంటల్లో తిరగవు, చూపు మార్చాలంటే తలే తిప్పాలి. తిప్పి ఆపాక మాత్రం రాయిలాగే ఉంటుంది. ట్రైపాడ్ మీద పెట్టి, ఆ ఆగిన క్షణాల్లో వరసగా తీస్తూ పోతే ఒకటి రెండు పదునుగా దొరుకుతాయి.

మామయ్య: గరుకు సంగతో? పత్రికల్లో చూస్తుంటాను, నల్లటి భాగాల్లో రంగురంగుల చుక్కలు.

మేనకోడలు: అది ఐఎస్‌ఓ గురించి చాలామందికి ఉన్న అపోహ వల్ల. ఐఎస్‌ఓ పెంచితే వెలుగు పెరగదు. దూరంగా ఉన్నవాడి మాట సరిగా వినపడటం లేదని మైకు సౌండు పెంచితే మాటతో పాటు గురగుర కూడా పెరిగినట్టే. సెన్సర్ మీద పడిన కాంతే తక్కువ, ఆ తక్కువే చుక్కలుగా కనిపిస్తుంది. అందుకే తీసేటప్పుడే వీలైనంత వెలుగు పట్టాలి. చీకటిగా తీసి ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెల్లబరుద్దామనుకుంటే చుక్కలన్నీ అప్పుడే బయటపడతాయి. ఇంకోటి, పడమటి వెలుగు గూబ ముఖం మీద పడేలా మనం పడమటికి వీపు పెట్టి కూర్చోవాలి. అదే వెలుగు దాని వెనక ఉంటే ముఖం కనపడదు, ఆకారమే మిగులుతుంది. ఆ చెవుల్లాంటి ఈకలతో ఆకారం కూడా అందమైనదే అనుకోండి.

మామయ్య: నీ లెన్సు ఎఫ్/4 అన్నావు. గూబ కన్ను ఎంతో తెలుసా? బ్రిటన్‌లో గ్రాహం మార్టిన్ అనే ఆయన అక్కడి టానీ గూబ కంటిని కొలిచాడు. ఎఫ్/1.3.

మేనకోడలు: ఎఫ్/1.3! అంటే నా లెన్సు కంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుగు లోపలికి వస్తుందన్నమాట.

మామయ్య: ఇప్పుడు అసలు సంగతి విను. గూబ చీకట్లో మనకంటే వంద రెట్లు బాగా చూస్తుందని పుస్తకాల్లో రాస్తుంటారు. 1977లో మార్టిన్ పరీక్షించి చూస్తే, టానీ గూబ చూపు మనిషి చూపు కంటే రెండున్నర రెట్లు మాత్రమే ఎక్కువని తేలింది. అంతే! దట్టమైన చెట్ల కింద, వెన్నెల లేని రాత్రి అది కూడా దాదాపు తడుముకుంటూ బతుకుతున్నట్టే. దాన్ని కాపాడేది కళ్లు ఒక్కటే కాదు. చెవులున్నాయి. ఉంటున్న చోట ప్రతి కొమ్మా ప్రతి రాయీ గుర్తుండటం ఉంది. అందుకే గూబలు ఉన్నచోటును అంత సులువుగా వదలవు. వెలుగు విషయంలో అంచు మీద బతికే ప్రాణి అది. అలాంటి కంట్లోకి మీ వాళ్లు ఫ్లాష్ కొడతారు.

మేనకోడలు: నేను కొట్టను. కానీ నిజం నిజంలా మాట్లాడుకుందాం. ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. రోడ్డు పక్కన స్తంభం మీద కూర్చున్న పగిడికంటె గూబ మీద లారీ హెడ్‌లైట్లు ఎంతసేపు పడతాయి? ఫ్లాష్ వల్ల గూబకు కళ్లు పోయాయని రుజువు చూపించినవాళ్లు నాకు కనపడలేదు.

మామయ్య: కళ్లు పోతాయని నేనూ అనలేదు. సినిమా హాల్లోంచి ఎండలోకొచ్చి మళ్లీ లోపలికి వెళ్తే నీకెంతసేపు పడుతుంది? చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. ఆ కాసేపట్లో గూబ వేటకి ఎగిరితే? అడ్డంగా కరెంటు తీగ ఉంటే? పిల్లలకు మొదటి ఎలుక తేవలసిన వేళే అది. అమెరికాలో ఆడబాన్ సంస్థ ఫొటోగ్రాఫర్ల కోసం రాసిన నియమాల్లో కూడా రాత్రిపూట గూబల మీద ఫ్లాష్ వాడొద్దనే ఉంది, కారణం ఇదే చెప్పారు.

మేనకోడలు: ఉంది, చదివాను. నాకు అంతకంటే పెద్ద కారణం ఇంకోటి కనిపిస్తుంది. ఫ్లాష్ కొడితే వచ్చేది రాత్రి ఫొటో కాదు. వెనకంతా తారు పూసినట్టు నలుపు, మధ్యలో తెల్లబోయిన పక్షి. గుట్ట లేదు, ఆకాశం లేదు, వేళ లేదు. బ్రిటిష్ పక్షి ఫొటోగ్రాఫర్ ఎరిక్ హోస్కింగ్ రోజుల్లో ఇంకో దారి లేదు. 1948లో ఆయన తీసిన ఫొటో, ఎలుకను పట్టుకుని రెక్కలు చాచి ఎదురొస్తున్న చావుపిట్ట గూబ, ఫ్లాష్ లేకపోతే ప్రపంచం చూసి ఉండేది కాదు.

మామయ్య: హోస్కింగ్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. ఆయన ఎడమ కన్ను ఏమైంది?

మేనకోడలు: 1937లో వేల్స్‌లో, టానీ గూబ గూటి దగ్గర. చీకట్లో మరుగుగుడారం వైపు వెళ్తుంటే గూబ వచ్చి గోళ్లతో కొట్టింది. కన్ను పోయింది. ఆ తర్వాత కూడా ఆయన జీవితమంతా పక్షుల్నే తీశాడు, గూబల్ని కూడా. తన జీవితకథకు ఆ కంటి మీదే పేరు పెట్టుకున్నాడు.

మామయ్య: ఆయన ధైర్యం గొప్పదే, కాదనను. కానీ ఆ కథను గూబ వైపు నుంచి కూడా చెప్పుకోవాలి. గూట్లో పిల్లలుండగా చీకట్లో మనిషి దగ్గరికొచ్చాడు. తల్లి చేయవలసింది చేసింది. మన క్వారీలో ఉన్నది దానికంటే చాలా పెద్ద పక్షి. పైగా వీటి గుడ్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. గూడంటే పుల్లలు కూడా ఉండవు, రాతి అంచు మీద మట్టిలో చిన్న గుంట. అందులో రెండు నుంచి నాలుగు గుడ్లు, నెల పైన పొదగాలి. నువ్వు వెళ్లావని తల్లి లేచిపోతే ఆ గుడ్లకు చలి, ఎండ, కాకి అన్నీ శత్రువులే.

మేనకోడలు: అందుకే గూటి ఫొటో తీయనంటున్నా. మన దేశంలో చాలా ఫొటో పోటీలు ఇప్పుడు గూటి ఫొటోలు తీసుకోవడం లేదు. రికార్డు చేసిన కూత వినిపించి మగదాన్ని పిలవను. అది విని పొరుగు గూబ తన హద్దులోకొచ్చిందని భ్రమపడి, వేట మానేసి పోట్లాటకు బయల్దేరుతుంది. ఎలుకను వదిలి ఎర వేయను. నా కెమెరాకి ఇప్పుడు అద్దం చప్పుడు కూడా లేదు, షట్టర్ పడినట్టే తెలియదు. గడ్డిలో ఎలుక కదిలితే వినే చెవులకు పాత కెమెరా చప్పుడు ఎలా ఉండేదో మీకు తెలుసు.

మామయ్య: అయినా ఒక ప్రశ్న మిగిలింది. బహుమతి వచ్చిన గూబ ఫొటోలు ఎప్పుడైనా వరసగా పెట్టుకుని చూశావా? అన్నిట్లోనూ గూబ కళ్లు చక్రాల్లా విప్పి నేరుగా మనల్నే చూస్తుంటుంది.

మేనకోడలు: ఆ చూపు కోసమే జనం ఆగి చూస్తారు మామయ్యా.

మామయ్య: ఆ చూపు ఏమిటో తెలుసా? స్థిమితంగా ఉన్న గూబ కళ్లు సగం మూసుకుంటుంది, ఒళ్లు గుండ్రంగా వదులుతుంది. అనుమానం వస్తే ఒళ్లు సన్నగా నిటారుగా లాగుతుంది, చెవి ఈకలు పైకి నిక్కుతాయి, కళ్లు ఫొటోగ్రాఫర్ మీద నిలుస్తాయి. మీరు అందమంటున్నది దాని భయం.

ఇక్కడ నేను పూర్తిగా మామయ్య పక్షం. గోడకు వేలాడే గూబ ఫొటోల్లో ఎక్కువ భాగం, ఒక మనిషి మరీ దగ్గరికొచ్చాడని గూబ గుర్తించిన క్షణానివే. చూసేవాళ్లం ఆ క్షణాన్ని మెచ్చుకుంటున్నంత కాలం తీసేవాళ్లు ఇంకో రెండడుగులు ముందుకు వేస్తూనే ఉంటారు. తప్పు కెమెరా వెనకున్నవాళ్లది మాత్రమే కాదు, బహుమతి ఇచ్చే మనందరిదీ. కానీ ఆ అమ్మాయి దగ్గర కూడా సమాధానం ఉంది, అది తీసిపారేసేది కాదు.

మేనకోడలు: ప్రతి చూపూ భయం కాదు. మన పెరట్లో పగిడికంటె తలను కిందికీ పైకీ పక్కలకూ ఊపుతూ చూస్తుంది కదా, అది దూరం కొలుచుకోవడం. కళ్లు కదలవు కాబట్టి తలే కదిలించి లోతు తెలుసుకుంటుంది. ఊళ్లో పుట్టిన పగిడికంటెకు మనుషులు కొత్త కాదు. కొండ గుడ్లగూబ సంగతి వేరు, ఒప్పుకుంటాను. అందుకే నాకు ముఖం నిండా గూబ అక్కర్లేదు. క్వారీ గోడ మొత్తం, పైన ఊదారంగు ఆకాశం, అంచు మీద వేలెడంత గూబ. అది నన్ను చూడకపోతేనే బాగుంటుంది. తక్కువ వెలుగులో ఇంకో లాభం కూడా ఉంది. పెద్ద లెన్సుతో దగ్గరగా లాగితే చిన్న వణుకు కూడా పెద్దగా కనిపిస్తుంది. వెడల్పుగా తీస్తే పావు సెకను కూడా నిలబడుతుంది. గూబకు ఏది మంచిదో ఆ వెలుగులో ఫొటోకీ అదే మంచిది.

మామయ్య: టార్చి?

మేనకోడలు: వద్దు. ఎర్ర టార్చి అయితే చీకటి చూపుకు అంత ఇబ్బంది ఉండదని కొందరంటారు, అందులో నిజం లేకపోలేదు. కానీ ఫోకస్ కోసం గూబ ముఖం మీద లైటు పట్టుకుని నిలబడే అవసరం ఈ కెమెరాలతో తీరిపోయింది. వెలుగు చాలకపోతే ఆ రోజుకు ఫొటో లేదు, అంతే. టార్చి వాపసు వచ్చేటప్పుడు నా కాళ్ల ముందుకే.

మామయ్య: సరే, ఇంత జాగ్రత్తగా తీసి ఏం సాధిస్తావు? అవి ఏం తింటున్నాయో నా ముద్దలు చెప్తాయి. ఎక్కడున్నాయో కూత చెప్తుంది. వీటిలో దేనికీ పక్షికి ఎదురుపడనక్కర్లేదు.

మేనకోడలు: అడవి పగిడికంటె కథ మీరే చెప్పారు నాకు, చిన్నప్పుడు.

మామయ్య: 1873లో పక్షిశాస్త్రవేత్త హ్యూమ్ వర్ణించిన పిట్ట. 1884 తర్వాత మళ్లీ కనపడలేదు. 1914లో తాను ఒకదాన్ని కొట్టానని మైనర్ట్‌జ్‌హాగన్ అనే ఆంగ్లేయ సైనికాధికారి చూపించాడు. అది లండన్ మ్యూజియం నుంచి ఎత్తుకొచ్చిన పాత చర్మమని, చీటీ మార్చి తనదిగా చెప్పుకున్నాడని చాలా ఏళ్లకు బయటపడింది.

మేనకోడలు: 1997 నవంబరులో మహారాష్ట్రలో షాహదా దగ్గర పమేలా రాస్ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ అబాట్ దాన్ని కనుక్కున్నారు. 113 ఏళ్ల తర్వాత. వాళ్లు తుపాకి పేల్చలేదు. ఫొటోలు, వీడియో తీశారు. లోకం నమ్మింది. చచ్చిన పిట్టను చూపించి ఒకడు అబద్ధం చెప్పాడు, బతికున్న పిట్టను చూపించి ముగ్గురు నిజం చెప్పారు. కెమెరా అవసరం ఇంకెలా చెప్పను?

మామయ్య: అడవి పగిడికంటె పగలే తిరిగే పక్షి. దాన్ని తీయడానికి చీకట్లో కూర్చోనక్కర్లేదు. అది నీ వాదనకు సగమే సాక్ష్యం.

మేనకోడలు: సగమైనా తీసుకుంటాను. మిగతా సగం మన ఊళ్లోనే ఉంది. గూబ ఇంటి మీద వాలితే కీడని, ఇంట్లో దూరితే ఇల్లు వదలాలని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. పాడుబడ్డ గుడిలో చావుపిట్ట పిల్లల్ని రాళ్లతో కొట్టినవాళ్లను నేను చూశాను. పేరే చావుపిట్ట అయితే ఇంకెలా చూస్తారు? సందెవెలుగులో తన పిల్లకు ఎలుక అందిస్తున్న తల్లి గూబ ఫొటో బడి గోడ మీద పెడితే ఆ చేతులు ఆగుతాయి.

మామయ్య: నేను రైతుల ముందు పళ్లెంలో ఎలుక పుర్రెలు పోసి చూపిస్తాను. ఇన్ని ఎలుకల్ని నీ చేలోంచి ఎవరు తీశారంటే అర్థమవుతుంది. కానీ పిల్లలకు పుర్రెల కంటే బొమ్మ బాగా పడుతుందని తెలుసు, నువ్వే చిన్నప్పుడు నా పళ్లెం చూసి పరుగెత్తేదానివి. పంచతంత్రంలోని కాకోలూకీయం చదివిన పిల్లలకు గూబ అంటే పగలు కళ్లు కనపడని మొద్దు. గుహకు కాకులు నిప్పు పెడితే అందులోనే కాలిపోయింది. నిజానికి పగలు దానికి బాగానే కనపడుతుంది. పగటిపూట మీలాంటివాళ్లు లేపితే కాకులు, పసులపోలిగాళ్లు, గోరింకలు చేరి తరిమేది మాత్రం కథ కాదు. నేను చాలాసార్లు చూశాను. సరే, నా అసలు భయం వేరే ఉంది. నీ ఫొటో ఎవరెవరు చూస్తారు?

మేనకోడలు: క్షుద్రపూజల వాళ్లా?

మామయ్య: అవును. 2010లో, వన్యప్రాణుల వ్యాపారం మీద నిఘా పెట్టే ట్రాఫిక్ అనే సంస్థ కోసం అబ్రార్ అహ్మద్ గూబల అమ్మకాల మీద నివేదిక రాశాడు. దీపావళి దగ్గరపడితే గిరాకీ పెరుగుతుందని, చెవుల్లాంటి ఈకలున్న పెద్ద గూబలకు మహిమ ఎక్కువని నమ్ముతారని అందులో ఉంది. మన క్వారీలో ఉన్నది సరిగ్గా అలాంటిదే. నువ్వు ఊరి పేరు రాయకపోవచ్చు. వెనక గుట్ట ఆకారం చూసి పోల్చుకునేవాడు ఉంటాడు. ఫొటోలోనే చోటు వివరం దాగి ఉంటుంది, ఫోన్ దాన్ని దానంతటదే రాసేస్తుంది.

మేనకోడలు: ఆ వివరం తీసేస్తాను. జనానికి ఇచ్చే ఫొటోలో గుట్ట కనపడకుండా ఆకాశం, గూబ మాత్రమే ఉంచుతాను. కానీ మామయ్యా, చోటు దాచడమే రక్షణ అని మీరు అనుకుంటున్నారు. ఆ క్వారీ మళ్లీ లీజుకి వెళ్తుందని ఊళ్లో అంటున్నారు. అది అభయారణ్యం కాదు, కాపలా లేదు. బ్లాస్టింగ్ మొదలయ్యే రోజున అక్కడ గూబలున్నాయని ఎవరికీ తెలియకపోతే, మనం దాచిన రహస్యమే వాటిని చంపుతుంది.

ఈ మాటకు ఆయన వెంటనే బదులివ్వలేదు. నాకూ వెంటనే తోచలేదు. వేటగాడి నుంచి కాపాడాలంటే చోటు చెప్పకూడదు, యంత్రం నుంచి కాపాడాలంటే చోటు చెప్పి తీరాలి. గూబలను ప్రేమించేవాళ్లు సాధారణంగా మొదటిదాన్నే ఆలోచిస్తారు. హైదరాబాద్ చుట్టూ రాళ్ల గుట్టలు ఎంత వేగంగా కంకరగా మారుతున్నాయో చూస్తే రెండోదే పెద్ద ప్రమాదమని నాకు అనిపిస్తుంది.

మామయ్య: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన అర్థం చదివావా? కాల్చడం, పట్టడం మాత్రమే కాదు. పక్షుల గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడం కూడా వేటే. దాన్ని నేను నీలాంటివాళ్లకు చెప్పి భయపెడుతుంటాను.

మేనకోడలు: అదే మాట దరఖాస్తులో రాస్తాను. గూడున్న గోడకు పేలుడు మందు పెట్టడం వేట కాకపోతే ఇంకేమిటి? అటవీ శాఖకూ గనుల శాఖకూ చోటు, తేదీ, ఫొటో అన్నీ ఇస్తాను. జనానికి చోటు ఇవ్వను.

మామయ్య: పిల్లలు ఎగిరాక తీయి. ఏప్రిల్ దాటాక.

మేనకోడలు: లీజు అప్పటిదాకా ఆగుతుందా? పిల్లలు వెళ్లిపోయాక ఖాళీ గోడ చూపించి ఇక్కడ గూడుండేదని చెప్తే ఏ అధికారి నమ్ముతాడు?

మామయ్య: గోడ కింద ముద్దలున్నాయి. తేదీలు వేసి భద్రపరిచాను. రాలిన ఈకలున్నాయి. రోడ్డు మీద నుంచే కూత రికార్డు చేయొచ్చు. వీటితో పాటు నీ ఫొటో. అది కూడా గూడు వైపు నుంచి కాదు, ఎదుటి గట్టు మీద నుంచి. క్వారీ మొత్తం మధ్యలో ఉండాలి. మనిషి నువ్వొక్కదానివే, పొద్దు ఉండగానే ఎక్కి కూర్చోవాలి. ఆడది ఒక్కసారి ఒళ్లు సన్నగా లాగిందంటే కెమెరా దించి కదలకుండా ఉండిపోవాలి. పూర్తిగా చీకటి పడి అవి వేటకు వెళ్లాకే దిగాలి. ఒక్క సాయంత్రం.

మేనకోడలు: ఆ దూరం నుంచి గూబ గోరంత పడుతుంది.

మామయ్య: అధికారికి గోరంత చాలు, కొండ గుడ్లగూబ అని తెలిస్తే.

మేనకోడలు: మబ్బు పడితే? ఆ వెలుగులో పావు సెకను కూడా చాలదు. రెండో సాయంత్రం అడుగుతాను.

మామయ్య: అడుగు. ఒప్పుకుంటానని మాత్రం ఇప్పుడు చెప్పను.